ఫిడేలాయన ఆరో ఉత్తరం

వీసా ఆఫీసుల్లో పనిచేసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ముందు మీ కంప్యూటర్‌లో దాచుకున్న రికమెండేషన్ లెటర్ల నమూనా ఒకసారి తెరిచి చూడండి. అందులో కొన్ని వాక్యాలు నావే అయ్యుంటాయి. ఉద్యోగం మారిన ప్రతివాళ్ళ పెన్‌డ్రైవ్‌లోనూ ఎక్కి, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పాకి, ఈపాటికి దేశమంతా తిరిగి ఉంటాయి. అందుకు గర్వపడిన రోజులున్నాయి నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నేను అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం షాంటిలీలో ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కింద ఇండియన్ గ్రోసరీ, పైన మా ఆఫీసు. మధ్యాహ్నమయ్యేసరికి కింద వేయించే సమోసాల వాసన మా ఫైళ్ళకి కూడా పట్టేది. లాయరు మనవాడే, నాకంటే పదేళ్ళు చిన్న. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని సార్ అనేదాన్ని. వాదించడం ఆయన పని, కాగితాలు సిద్ధం చేయడం నా పని. నిజానికి ఆయన వాదించగా నేనెప్పుడూ చూడలేదు. ఫోన్లో మాట్లాడుతూ అద్దంలో జుట్టు సర్దుకోవడం మాత్రం రోజూ చూశాను.

ప్రతిభ చూపించి వీసా అడిగేవాళ్ళకి ఒక తతంగం ఉంటుంది. ఆ రంగంలోని పెద్దలు “ఈ మనిషి అసాధారణమైనవాడు” అని ఉత్తరాలు రాసివ్వాలి. రాసివ్వాలన్నది పద్ధతి. జరిగేది వేరు. ఉత్తరం మేం రాస్తాం, పెద్దలు సంతకం పెడతారు. చాలామంది చదవరు కూడా. మా దగ్గర దీనికోసమే ఒక మాస్టర్ కాపీ ఉండేది, నేనే తయారుచేశాను. పేరు మార్చు, కంపెనీ మార్చు, ప్రింటు తీయి. “ఈయన లేకపోతే మా రంగం ఇంత దూరం వచ్చేది కాదు.” “ఈయన నాయకత్వంలో సిస్టమ్ ఒక్కసారి కూడా డౌన్ కాలేదు.” క్లయింట్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళే కాబట్టి అన్నీ అందరికీ సరిపోయేవి. మా ఫైళ్ళు నమ్మితే మా చుట్టుపక్కల ఇంటికొక మేధావి ఉన్నట్టే. చెత్తబుట్ట ఏ వారం బయటపెట్టాలో మాత్రం ఆ మేధావుల్లో ఒక్కడికీ గుర్తుండదు, వాళ్ళ భార్యలే నాకు చెప్పుకుని వాపోయేవారు.

అలాంటి ఆఫీసుకి ఒకరోజు ఒక ఫ్రెంచి వయొలిన్ విద్వాంసుడు వచ్చాడు. ఆయన ఉండే అపార్ట్‌మెంటులో పక్క వాటావాడు మా క్లయింటు, ఆ పిల్లవాడే పంపించాడు. యాభై దాటిన మనిషి. కోటు మోచేతుల దగ్గర అరిగిపోయి ఉంది. వయొలిన్ పెట్టెని నేల మీద పెట్టకుండా ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వచ్చేవాళ్ళంతా సమోసా వాసనకి ముక్కు చిట్లిస్తారు, లేదా ఆకలవుతోందంటారు. ఈయన రెండూ చేయలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం కింద రెండు కొనుక్కుని, మెట్ల మీదే నిలబడి తిన్నాడు.

సార్ నన్ను లోపలికి పిలిచాడు. “అక్కా, మీరు చర్చిలో మ్యూజిక్ హ్యాండిల్ చేస్తారు కదా. ఈ కేస్ మీరే చూసుకోండి. మనకి ఫస్ట్ ఆర్టిస్ట్ కేస్. క్లిక్ అయితే ఆ మార్కెట్ అంతా మనదే.”

మా తెలుగు చర్చిలో ఆదివారం నేను కీబోర్డు వాయిస్తాను. వాయించడమంటే, పాట ఎత్తుకునే ఆవిడ ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతి వెనక పరిగెత్తడం. గుంటూరు జిల్లాలో నేర్చుకున్న హార్మోనియం చదువు అది. దాన్ని పట్టుకుని ఈయన నన్ను సంగీతజ్ఞురాలిని చేసేశాడు. కాదని ఎందుకంటాను? నాకూ బాగానే ఉంది.

ఫిడేలాయన తన జీవితం చెప్పాడు, నేను టైపు చేసుకున్నాను. దక్షిణ ఫ్రాన్సులో చిన్న ఊరు. తండ్రి బస్సులు బాగుచేసేవాడు, తల్లి చర్చిలో ఆర్గన్ వాయించేది. కుర్రతనంలోనే పారిస్‌లో పెద్ద గురువు దగ్గర చదువు. పోటీలకి వెళ్తే ఎప్పుడూ రెండో బహుమతి. నలుగురు కలిసి వాయించే ఒక క్వార్టెట్‌తో అమెరికా వచ్చాడు. ఆ నలుగురూ కొట్టుకుని విడిపోతే ఇక్కడే ఉండి ఇంకో క్వార్టెట్‌లో చేరాడు. కాలేజీలో పాఠాలు చెబుతూ, ఊరూరా చర్చి హాళ్ళలో, స్కూళ్ళలో కచేరీలు చేస్తూ గడుపుతున్నాడు. ఉన్న వీసా గడువు దగ్గరపడింది. కొత్తది రాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

“ఫ్రాన్సుకి వెళ్తే ఏం, మీ దేశమేగా?” అన్నాను.

“అక్కడ నేనెవరికీ గుర్తు లేను, మదాం. నా విద్యార్థులు, నాతో వాయించేవాళ్ళు అంతా ఇక్కడే ఉన్నారు. ఈ వయసులో కొత్తవాళ్ళతో మొదలుపెట్టి వాయించలేను” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది కానీ, చెయ్యి వయొలిన్ పెట్టె మీదకి వెళ్ళింది.

ఉత్తరాల కోసం ఆరుగురి పేర్లు ఇచ్చాడు. పారిస్ గురువు, ఒక ఆర్కెస్ట్రా కండక్టరు, ప్రతి వేసవిలో సంగీత ఉత్సవం నడిపే ఒకావిడ, ఆయన కాలేజీ డీన్, క్వార్టెట్‌లో సెల్లో అనే పెద్ద ఫిడేలు వాయించే స్నేహితుడు. ఆరో పేరు ఒక అమెరికన్ పియానో ఆవిడది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన కచేరీల్లో పక్కన పియానో ఆవిడదే. డెబ్బై దాటింది, షెనాన్డోవా లోయలో ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. మిగిలిన ఐదు పేర్లూ కాగితం చూసి చెప్పాడు. ఈ పేరు మాత్రం కాగితం చూడకుండా చెప్పాడు.

నేను మాస్టర్ కాపీ తెరిచాను. “సాఫ్ట్‌వేర్” అన్నచోటల్లా “సంగీతం” పెట్టాను, “ప్రాజెక్ట్” అన్నచోట “కచేరీ” పెట్టాను. మధ్యాహ్నం అన్నం వేళకి ఆరు ఉత్తరాలూ తయారు. ఎవరైనా చూస్తే శభాష్ అనాలన్నంత వేగం. ఐదు సంతకాలు వారం తిరక్కుండా వచ్చేశాయి. కండక్టరు సంతకం కాగితంలో సగం ఆక్రమించింది. ఎంత గొప్పవాళ్ళో, ఎంత త్వరగా స్పందించారో అని నేనూ సారూ మురిసిపోయాం.

ఆరోది ఆలస్యంగా, తపాలాలో, గోధుమరంగు కవరులో వచ్చింది. నేను పంపిన ఉత్తరం మీద పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. గీత కింద, “ఈ మనిషి నాకు తెలియదు” అని రాసి ఉంది. దాంతోపాటు చేత్తో రాసిన రెండు పేజీలు పెట్టింది. మొదటి వాక్యాలు చదివాను. “ఈయన ప్రపంచంలోని గొప్ప వయొలిన్ వాద్యకారుల్లో ఒకడు కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నెమ్మదిగా సాగాల్సినచోట తొందరపడతాడు.”

అంతే, అక్కడ ఆపేశాను. అబ్బో, ముసలావిడకి ఎంత కుళ్ళు అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు పక్కన కూర్చుని చప్పట్లన్నీ ఆయనకే పోతుంటే కడుపు మండి ఉంటుందని తీర్మానించేశాను. పట్టుకెళ్ళి సార్‌కి చూపించాను.

సార్ కూడా ఆ మూడు వాక్యాలే చదివాడు. “అయ్యబాబోయ్. ఇది ఫైల్ చేస్తే మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు. ఫైవ్ లెటర్స్ చాలు అక్కా, దాన్ని సైడ్‌కి పెట్టేయండి.”

నా బల్ల కింది సొరుగులో, కింద కొట్టువాళ్ళ కేటరింగ్ మెనూల అడుగున పెట్టేశాను. ఇంతవరకూ ఏ ఆఫీసులోనైనా జరిగేదే. తర్వాత నేను చేసినదానికి మాత్రం సాకు లేదు. సంతకాలు చూసుకోవడానికి ఫిడేలాయన వచ్చి, కాగితాలు తిరగేసి, అడిగాడు.

“ఆవిడ దగ్గర్నుంచి రాలేదా?”

“రాలేదండీ” అన్నాను.

అబద్ధం నోట్లోంచి రావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయన మనసు నొప్పించడం ఎందుకని అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నా మొహం. ఉత్తరం ఉంది, పెట్టడం లేదు, ఎందుకంటే ఇదీ అని వివరించడానికి బద్ధకం. కింద టీ తాగడానికి వెళ్ళే టైమయింది.

“ఆవిడ దేనికీ ఆలస్యం చేయదు” అన్నాడు. మేం కేసు ఫైల్ చేశాం.

రెండు నెలలు దాటాక వచ్చింది, మనవాళ్ళు పేరు వింటేనే బీపీ మాత్ర వెతుక్కునే ఆర్.ఎఫ్.ఇ. మీ ఆధారాలు చాలలేదు, ఫలానా తేదీలోగా ఇంకా చూపించండి అని వచ్చే నోటీసు అది. చూపించకపోతే కేసు పోతుంది. ఫిడేలాయన పాత వీసా గడువు అప్పటికే అయిపోయింది. ఈ కేసు నడుస్తోంది కాబట్టే ఆయన ఇక్కడ ఉండగలుగుతున్నాడు.

సార్ నోటీసు పైకి చదివాడు. ఐదుగురు వేర్వేరు మనుషులు రాసిన ఐదు ఉత్తరాల్లో వాక్యాలకి వాక్యాలు ఒకేలా ఎందుకున్నాయో వివరించమన్నారు. ఇంకొక్క విషయం కూడా అడిగారు, ఎంతో మర్యాదగా. ఈ వయొలిన్ విద్వాంసుడి నాయకత్వంలో సిస్టమ్ ఒక్కసారి కూడా డౌన్ కాలేదని కండక్టరు గారు రాశారు, అది ఏ సిస్టమ్? ఆ వాక్యం నేను మార్చడం మరిచిపోయాను. సగం కాగితం మేర సంతకం గీసిన మహానుభావుడు దాన్ని చదవనే లేదు. గురువు చదవలేదు, డీన్ చదవలేదు, ఒక్కరంటే ఒక్కరు చదవలేదు. పెన్సిలు తీసి గీత కొట్టింది ఒక్కావిడే, ఆవిడని నేను మెనూల కింద పడుకోబెట్టాను.

“కంగారేం లేదక్కా” అన్నాడు సార్. “మళ్ళీ ఆ ఫైవ్ మెంబర్స్‌నే అడుగుదాం. ఓన్‌గా రాయమనండి. రాయకపోతే ఏఐలో వేస్తే ఐదు డిఫరెంట్ స్టయిల్స్‌లో ఇచ్చేస్తుంది.”

నేను ఐదుగురినీ అడిగాను. ఏం రాసినా ఫరవాలేదు, మీ మాటల్లో ఒక్క పేజీ చాలన్నాను. పారిస్ గురువు గారి సెక్రటరీ, సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తుపెట్టి పంపమంది. కండక్టరు మేనేజరూ అదే మాట. డీన్ మీటింగులో ఉన్నాడు, ఎప్పుడు చేసినా మీటింగులోనే ఉన్నాడు. ఉత్సవం నడిపే ఆవిడ, మా కరపత్రంలో ఆయన గురించి నాలుగు లైన్లున్నాయి, అవి అతికించుకోండంది. ఆ నాలుగు లైన్లూ ఫిడేలాయన తనే రాసిచ్చినవి! సెల్లో ఆయన ఫోన్ ఎత్తి, చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి అసలు సంగతి అడిగాడు.

“ఒకవేళ ఇది రాకపోతే ఆయన ఎప్పటికి వెళ్ళాల్సి ఉంటుంది? ఎందుకంటే, వచ్చే సీజన్‌కి ఆయన స్థానంలో మేం ఎవరినైనా చూసుకోవాలి.”

ఫోన్ పెట్టేసి తెలుగులో నాలుగు తిట్టాను. ఇతను స్నేహితుడట! కానీ తిట్టాక తెలిసొచ్చింది, నేను అతన్ని తిట్టడానికి ఏ మొహం పెట్టుకున్నానని. అతను ఉత్తరం రాయకపోయినా, మనసులో ఉన్న నిజం కనీసం చెప్పాడు. నేను వచ్చిన ఉత్తరాన్నే రాలేదన్నాను.

గడువు ఇంక వారం ఉందనగా ఫిడేలాయన ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. తన దగ్గరున్న కచేరీ కరపత్రాలు అవి, అన్నీ కలిపి పాతిక లేవు. సార్ కోర్టు పనని చెప్పి ఎక్కడికో వెళ్ళాడు, నేనొక్కదాన్నే ఉన్నాను. కరపత్రాలు సర్దుతుంటే కొత్తది ఒకటి కనిపించింది, రాబోయే కచేరీది. అందులో పియానో పక్కన వేరే పేరుంది.

“ఈయనెవరు?” అన్నాను.

“నా పాత విద్యార్థి. బాగా వాయిస్తాడు. నేను ఎటు పోతే అటు వస్తాడు.” ఆగి, నవ్వబోయి మానేశాడు. “అదే ఇబ్బంది, మదాం. నేను తొందరపడితే తనూ తొందరపడతాడు. ఆవిడైతే తల ఎత్తి ఒక చూపు చూసేది. నాలుగు నెలలైంది మాట్లాడి. ఉత్తరం రాయడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా. అంత పెద్దావిడని నేనెలా అడగను?”

నాలుగు నెలలు! ఆవిడేమో ఉత్తరం రాసి, అది ఆయన చదివాడనుకుని, కోపం వచ్చి మాట్లాడటం లేదనుకుని ఉంటుంది. ఈయనేమో ఆవిడ తనని వదిలేసిందనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ స్నేహం నా సొరుగులో, సమోసా కేటరింగ్ రేట్ల కింద నలుగుతోంది.

సొరుగు లాగాను. కవరు తీసి బల్ల మీద పెట్టాను. “ఇది అప్పుడే వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్పాను” అన్నాను. సర్దిచెప్పడానికి ఇంకా ఏదో మొదలుపెట్టాను కానీ, ఆయన అప్పటికే చదవడం మొదలుపెట్టాడు, వినిపించుకోలేదు.

ఆయన చదివాక నేనూ మొదటిసారి మొత్తం చదివాను. తొందరపడతాడన్న వాక్యం తర్వాత నేను చూడని ముక్క ఇది. “చెబితే ఆగుతాడు. చెబితే ఆగేవాళ్ళు ఈ వృత్తిలో నాకు ఎక్కువమంది తగల్లేదు. ఒకసారి ఒక హైస్కూలు జిమ్‌లో మా కచేరీ. అక్కడి పియానోలో రెండు మెట్లు పలకడం లేదు. వేరే పియానో తెప్పించే టైము లేదు. మానేద్దామన్నాను. ఆయన నా కాగితాలు తీసుకుని గంటసేపు కూర్చున్నాడు. ఆ రెండు స్వరాలు నా వంతులో ఎక్కడెక్కడ వస్తాయో గుర్తుపెట్టుకుని, కచేరీలో తన వంతు వాయిస్తూనే వాటిని కూడా తనే వాయించాడు. విన్నవాళ్ళెవరికీ తెలియలేదు. అందులో ఆయనకి ఒక్క చప్పట్టు కూడా అదనంగా రాలేదు. ఇది అసాధారణం అవునో కాదో మీరు తేల్చండి. నేనైతే ఇంకెవరి దగ్గరా చూడలేదు.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “రెండు కాదు, మూడు మెట్లు” అన్నాడు. “పాపం ఆ స్కూలు పరువు తీయడం ఎందుకని ఒకటి తగ్గించి రాసింది.”

నన్ను అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకూ తేలికయ్యేది. ఆయన కోటు వేసుకుని, వయొలిన్ పెట్టె చేతిలోకి తీసుకుని, “ఇది ఫోన్లో చెప్పేది కాదు. మీరూ రండి” అన్నాడు. ఆఫీసుకి తాళం వేసి వెళ్ళాను. రెండు గంటల దారి. నేను కిటికీలోంచి కొండల్ని చూస్తూ, ఆవిడతో ఏం చెప్పాలో పది రకాలుగా అల్లుకున్నాను. ఉత్తరాలు అల్లడం నా వృత్తి కదా. ఒక్క వాక్యం కూడా నిలబడలేదు.

ఆవిడ తలుపు తీసింది. బక్కపలచటి మనిషి, స్వెటర్ చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఆయన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

“నాకు ఇవాళ అందింది” అన్నాడాయన.

ఆవిడకి అర్థం కాలేదు. నేను ముందుకొచ్చి చెప్పాను. “మీరు పంపగానే వచ్చింది. నేనే దాచేశాను. ఆయనకి రాలేదని చెప్పాను. తప్పు నాదే, క్షమించండి.”

“చదివి కూడా దాచారా?” అంది.

“మూడు వాక్యాలు చదివి ఆపేశాను.”

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసింది. “అయితే మీరూ తొందరపడే రకమేనన్నమాట” అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, “నీకు కోపం వచ్చిందనుకున్నాను” అంది. ఆయన వయొలిన్ పెట్టె నేల మీద పెట్టేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ గుమ్మంలోనే నిలబడ్డాను.

లోపలికి రమ్మంది. భోజనాల బల్ల మీద తను దాచుకున్నవన్నీ తెచ్చి పరిచింది. పద్దెనిమిదేళ్ళ కచేరీల్లో ప్రతి ఒక్క కరపత్రం, చిన్న ఊళ్ళ పేపర్లలో వచ్చిన ప్రతి ముక్కా, వరసగా కవర్లలో పెట్టి ఉంచింది. ప్రతి కరపత్రం వెనకా పెన్సిలు రాతలు. ఎక్కడ బాగా వచ్చిందో, ఎక్కడ ఆయన తొందరపడ్డాడో, హాల్లో ఎంతమంది నిలబడి విన్నారో అన్నీ ఉన్నాయి. మేం కేసులో పెట్టాల్సింది ఇదీ. ఏ మాస్టర్ కాపీలోంచీ పుట్టని సరుకు. సాయంత్రం దాకా ముగ్గురం కూర్చుని సర్దాం. మధ్యలో ఆవిడ సూప్ పెట్టింది. నాకు ఇంత పోస్తూ, “నెమ్మదిగా, వేడిగా ఉంది” అంది. నన్నే అందో, మామూలుగా అందో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు సార్ ఎగిరిపడ్డాడు. “అక్కా, మీకేమైనా పిచ్చా? మన క్లయింట్ గ్రేట్ కాదని మనమే సబ్‌మిట్ చేయాలా? డినయల్ వస్తే రెస్పాన్సిబిలిటీ ఎవరిది?”

“నాది. కావాలంటే రాసిస్తాను” అన్నాను. “ఆ ఐదింటికీ డ్రాఫ్టులు మనమే రాశామని కూడా కవర్ లెటర్లో ఒప్పుకోవాలి సార్. సిస్టమ్ వాక్యం పొరపాటున పడిందని చెప్పాలి.”

“అది అస్సలు కుదరదు.”

ఫిడేలాయన అంతవరకూ గోడకి ఆనుకుని వింటున్నాడు. తెలుగు ఆయనకేం అర్థమైందో కానీ, బల్ల దగ్గరకొచ్చి ఆ రెండు పేజీలూ సార్ ముందు పెట్టాడు. “దీంట్లో ఉన్నది నేను. పంపితే నన్ను పంపండి. ఇది చూసి వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను. అవి ఐదూ చూసి ఉండమంటే, ఎవరిని ఉండమన్నట్టు?” అన్నాడు.

సార్ ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి వెళ్ళాడు. అంటే ఒప్పుకున్నట్టు. గడువుకి రెండు రోజుల ముందు పంపేశాం. ఆ తర్వాత మూడు వారాలు నేను చర్చిలో ఏ పాట వాయించానో నాకే తెలియదు. ఒకాదివారం పాట ఎత్తుకునే ఆవిడ వెనక్కి తిరిగి, “ఏంటక్కా, ఎటు పోతున్నారు?” అంది.

అప్రూవ్ అయింది. నేను ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను.

ఆ వసంతంలో వాళ్ళిద్దరి కచేరీకి వెళ్ళాను, ఒక చర్చి హాలు. నాకు ఆ సంగీతం అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. కానీ ఒకచోట, బాగా నెమ్మదిగా సాగుతున్నచోట, ఆవిడ తల ఎత్తి ఆయన వైపు చూసింది. ఆయన విల్లు వేగం తగ్గింది. అది మాత్రం నాకు అర్థమైంది.

ఇంత జరిగాక మా ఆఫీసు బాగుపడిందనుకుంటున్నారా? సార్ ఒక తెలుగు ఫంక్షన్లో మైకు పట్టుకుని, ఆర్టిస్ట్ కేసుల్లో “మా హానెస్టీ స్ట్రాటజీ” గురించి చెప్పాడు. అది చాలక, పియానో ఆవిడ ఉత్తరంలోని ఆ జిమ్ ముక్కని మాస్టర్ కాపీలోకి ఎక్కించాడు. కొద్ది రోజులకే ఒక సాఫ్ట్‌వేర్ పిల్లవాడి ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. రెండు సర్వర్లు చచ్చిపడితే, వాటి పని కూడా ఆ పిల్లవాడే ఎవరికీ తెలియకుండా చేసేశాడట. సంతకం పెట్టిన పెద్దమనిషి ఎప్పట్లానే చదవలేదు. నేను ఆ పేజీ చింపి చెత్తబుట్టలో పడేసి, ఆ పిల్లవాడి మేనేజరుకి ఫోన్ చేశాను. “మీరు ఇతని గురించి నిజంగా ఏమనుకుంటున్నారు?” అని అడిగాను. పాపం, ఆయన భయపడిపోయి లాయరుకి కంప్లయింట్ చేశాడు. ఆ తర్వాత నేను ఎక్కువ కాలం ఉండలేదు. ఉండనివ్వలేదు అనడం సరైన మాట.

రిటైరైన రోజు కేకు కోశారు, సన్మానం చేశారు. చెక్కకి బిగించిన ఇత్తడి ఫలకం ఒకటి ఇచ్చారు. మీద నా పేరు, కింద రెండు వాక్యాలు. “ఈమె లేకపోతే మా సంస్థ ఇంత దూరం వచ్చేది కాదు. ఈమె నాయకత్వంలో సిస్టమ్ ఒక్కసారి కూడా డౌన్ కాలేదు.” ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరూ చదవలేదు. చదివిన నేను నవ్వాపుకోలేక, ఆనందబాష్పాలని వాళ్ళనుకునేలా చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఫలకం ఇప్పుడు మా గరాజ్‌లో, పెయింటు డబ్బా మీద మూతగా పనికొస్తోంది.

ఫిడేలాయన రాలేదు, ఆరోజు కచేరీ ఉంది. తపాలాలో ఒక కార్డు పంపాడు, చేత్తో రాసి. అది మాత్రం వంటగదిలో, రోజూ కళ్ళబడేచోట పెట్టుకున్నాను. ఇలా ఉంది.

“ఈవిడ నాకు చెందిన ఉత్తరాన్ని నాలుగు నెలలు సొరుగులో దాచింది. అబద్ధం చెప్పింది. తర్వాత ఎవరూ అడక్కుండానే, తనే తీసి ఇచ్చింది. సొరుగులో పెట్టేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తీసి ఇచ్చినవాళ్ళు ఈవిడ ఒక్కరే.”

కింద సంతకం. ఆ కాగితంలో నేను రాసిపెట్టిన వాక్యం ఒక్కటీ లేదు.